ఏరొస్తోందని చెప్పిన రోజు

మా ఆయన పోలీసు వైర్‌లెస్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. శాలువా కప్పి, మెడలో దండ వేసి, జీపులో అనంతపురంలోని మా ఇంటి దాకా దింపి వెళ్లారు. ఆ రోజు నేనెంత సంబరపడ్డానో చెప్పలేను. ఇన్నేళ్లూ సెట్టుకు అతుక్కుపోయిన మనిషి ఇకనైనా నాతో నాలుగు మాటలు మాట్లాడతాడని ఆశ. నెల తిరక్కముందే బెంగళూరు నుంచి ఒక డిజిటల్ స్కానర్ తెప్పించుకున్నాడు. చూడడానికి పాత ట్రాన్సిస్టర్ రేడియోలాగే ఉంటుంది. నెత్తిన చిన్న కడ్డీ, ముందు అంకెలు పరిగెత్తే అద్దం. చుట్టుపక్కల ఎవరు వైర్‌లెస్‌లో మాట్లాడినా ఆ అంకెలు టక్కున ఆగి మాట బయటికి వస్తుంది. పోలీసులు, ఫైరింజన్ వాళ్లు, చెరువు కట్టల మీద కాపలా ఉండే ఇరిగేషన్ వాళ్లు, అందరూ వచ్చి మా వంటింటి గట్టు మీద కూర్చున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, సర్వీసంతా విన్నది సాల్లేదా నీకు? ఇంట్లో కూడా కంట్రోలు, కంట్రోలు అని అరిపించాల్నా?" అన్నాను.

"ఆ గరగర ఇనకపోతే నాకు దినం గడవడం లేదే" అన్నాడు. అంత దీనంగా అడిగితే ఏమంటాం, ఊరుకున్నాను.

కొన్ని చానళ్లలో ఉత్త గరగర తప్ప ఏమీ తెలిసేది కాదు. అవి బయటివాళ్లు వినకుండా తాళం వేసినవని, వాటితో మనకు పని లేదని చెప్పాడు. పాతవి మాత్రం ఇంకా తెరిచే ఉన్నాయి. వాటి మీద జిల్లా మొత్తం వినపడేది. ఉరవకొండ దావలో లారీ బోల్తా పడిందని, ఎక్కడో కల్లంలో కట్టె వామి అంటుకుందని, బత్తలపల్లె దగ్గర రైలు గేటు పడి మినిస్టరు కారు ఆగిపోయిందని. మొదట్లో చెవిలో జోరీగలా ఉండేది. ఆ తర్వాత నాకే తెలియకుండా మరిగాను. పక్కింటావిడ సీరియల్ కథ చెప్పబోతే నాకు విసుగొచ్చేది. నా సీరియల్ నాకుంది మరి.

మొహాలు తెలియవు, గొంతులే తెలుసు. మాట్లాడే ముందు ఖచ్చితంగా దగ్గే ఆయన ఒకడు. నోట్లో వక్కాకు పెట్టుకునే మాట్లాడేవాడు ఇంకొకడు. ఒకసారి కూరగాయల మార్కెట్‌లో టమాటాలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఆ దగ్గు వినపడింది. తిరిగి చూస్తే బక్కపలచటి మనిషి, చేతిలో ముల్లంగి కట్ట. మీ ఒళ్లెట్లుందన్నా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

ఎందుకంటే మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. విన్నది ఆ వంటింటి గడప దాటకూడదు. అది మా ఆయన వృత్తి ధర్మం. సర్వీసులో ఉండగా ఎన్ని ఘోరాలు విన్నాడో, ఒక్కటి కూడా ఇంటికి మోసుకు రాలేదు. ఇప్పుడైతే ఇంకా భయం. "ఇది మనం ఇనడమే తప్పు. బైటపడితే నా సర్వీసుకంతా మచ్చ. కానిస్టేబుల్ పిల్లోళ్లకు పని నేర్పిచ్చినోణ్ణి, వాళ్ల ముందర తల ఎట్లెత్తుకోవాల?" అనేవాడు. నేనూ నోటికి తాళం వేసుకునే ఉన్నాను, ఆ రోజు దాకా.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. నేను పచ్చి చెనిక్కాయలు కడిగి, ఉప్పేసి, పొయ్యి మీద పెట్టాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. మాకు చినుకు లేదు కానీ, పైన కర్ణాటక వైపు రెండు రోజులుగా కుండపోత అని వింటూనే ఉన్నాం. స్కానర్లో అంకెలు ఆగాయి. ఇరిగేషన్ వాళ్ల చానల్.

"కట్ట తెగింది సార్. మళ్లీ చెప్తాండా, పై చెరువు కట్ట తెగింది. నీళ్లన్నీ ఏట్లో పడినాయి."

మా ఆయన కళ్లు తెరిచాడు. లేచొచ్చి సౌండు పెంచాడు. వెంటనే పోలీసు కంట్రోల్ అందుకుంది. కంట్రోల్లో ఆ వేళ డ్యూటీలో ఉన్నది ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడే. ఇప్పుడు వాడికీ జుట్టు నెరిసిందనుకోండి. ఏటి పొడుగునా ఉన్న స్టేషన్లను ఒక్కొక్కటే పిలిచి చెబుతున్నాడు. పెద్ద బ్రిడ్జి దగ్గరికి మనిషిని పంపండి, కింది ఊరి దగ్గర ఏటికి అడ్డంగా దారి వేసిన చప్టా మీద రాకపోకలు ఆపండి అని. ఆ ఏటి పేరు, ఆ కింది ఊరి పేరు వినగానే చేతిలో గరిటె గట్టు మీద పడేశాను. అది మా అక్క ఊరు. కంబదూరుకు అవతల, సరిగ్గా ఏటి గట్టు మీద ఉంటుంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నా తల దువ్వి జడ వేసింది, నన్ను కొట్టింది, నా పెళ్లి చేసింది. నేను ఫోన్ తీశాను. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దే. కంట్రోలు చెప్పినాడు గదా, ఆడికి మనిషి పోతాడు. మనం చెప్తే నీకెట్ల తెలిసిందంటారు."

"మా అక్క నీళ్లల్లో పోతే అప్పుడు ఏం చెప్తావు నాకు?"

ఆయన చేయి వదిలాడు. కాసేపు ఆలోచించి, "సరే. చెరువు మాట మాత్రం ఎత్తద్దు. అది ఇంకా బైటికి రాలేదు. ఏటికి నీళ్లొస్తాండాయంట అని మాత్రం చెప్పు, సాలు" అన్నాడు.

అక్క వెంటనే ఎత్తింది. వాకిట్లో చెనిక్కాయ ఆరబోస్తున్నానని, బావ గొర్రెలు తోలుకొని గుట్టకు పోయాడని చెప్పింది. "ఏమే, గొంతు అట్లుండాది?" అంది.

"అక్కా, ఏటికి నీళ్లొస్తాండాయంట."

"మన ఏటికా?" అని మెల్లగా అడిగింది.

"ఊ. పెద్ద నీళ్లంట. మీరు..."

నా మాట పూర్తి కానే లేదు. "ఏరొస్తాందంటమ్మే! ఏరొస్తాందంట!" అని అక్క వీధంతా వినపడేలా కేక పెట్టింది. ఫోన్‌ను మంచం మీద పారేసిన చప్పుడు వినపడింది. నేను ఏట్లోకి దిగొద్దండి, గట్టెక్కండి అని గొంతు చించుకుని అరుస్తున్నాను. ఆ ఫోన్ మంచం మీద పడి ఉంది, వినే దిక్కు లేదు. నాకు మాత్రం అక్కడివన్నీ వినపడుతున్నాయి. తలుపులు తెరుచుకుంటున్నాయి. పసుపూ కుంకమా తేపో అని ఎవరో అంటున్నారు. కొత్త రవిక గుడ్డ యాడుండాదని ఎవరో వెతుకుతున్నారు. అంతలోనే పలక డప్పు మోగింది. ఆ మోత వీధిలోంచి ఏటి వైపు కదిలిపోతూ ఉంది.

ఇది బయటివాళ్లకు చెబితే నమ్మరు. ఎక్కడైనా ఏరు వస్తోందంటే జనం పారిపోతారు. మా దగ్గర ఎదురు పోతారు. మాకు ఏరంటే నీళ్లు కాదు, ఇసుక. పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు, కాపరులు చెలమలు తవ్వుకుంటారు, ట్రాక్టర్లు ఇసుక తోలుకుపోతాయి. మా అక్క కూతురికి పెళ్లయి బిడ్డ పుట్టింది, ఆ కూతురు తను పుట్టినప్పటి నుంచి ఆ ఏరు పారడం చూడలేదు. అలాంటి ఏటికి నీళ్లొస్తే ఊరంతా పలకలు కొట్టుకుంటూ ఇసుకలోకి దిగి ఎదురు నిలబడాలి. మొదటి నీళ్లు చెత్తా చెదారం తోసుకుంటూ వచ్చి కాళ్లు తాకాలి. అప్పుడు హారతిచ్చి, టెంకాయ కొట్టి, రవిక గుడ్డ నీళ్లలో వదిలి, గట్టెక్కాలి. భయమెందుకు ఉండదంటే, వానకొచ్చే ఏరు అంత నిదానంగా వస్తుంది. దారంతా ఇసుక తాగుతూనే ఉంటుంది కదా, నడక నేర్చిన పిల్ల కూడా దాని ముందర నడిచి గట్టెక్కగలదు. కట్ట తెగిన నీళ్లు అట్లా రావు. ఆ సంగతి వాళ్లకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

మా ఆయనకు చెప్పాను. "దిగినారా?" అని మాత్రం అడిగాడు.

జవాబు స్కానర్ చెప్పింది. "కంట్రోల్, చప్టా పాయింట్." లేత గొంతు, కొత్తగా డ్యూటీలో చేరిన కానిస్టేబుల్ అయి ఉంటాడు.

"చెప్పు చప్టా."

"జనం ఏట్లోకి దిగినారు సార్. ఊరు ఊరంతా. ఆడోళ్లు తట్టలు పట్టుకోని నడుమ ఇసుకలో నిలబడినారు. నేనొక్కణ్ణే, ఒక హోంగార్డు ఉండాడు."

"పైకి తోలు వాళ్లను."

"ఇనడం లేదు సార్. నీళ్లొస్తాండాయి జరగండమ్మా అంటే, వస్తాండాయనే గదప్పా వచ్చినాము అంటాండారు. గంగమ్మ కాళ్లు తాకినంక పోతారంట. ఒకామె నా చేతిలో టెంకాయ పెట్టి నువ్వూ మొక్కుకో అనింది."

అది మా అక్కే. పోలీసోడి చేతిలో టెంకాయ పెట్టే మనిషి ఆ ఊళ్లో ఇంకెవరు? నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

"వాళ్లకు ఇంత జల్దీ ఎట్ల తెలిసింది?" అని కంట్రోల్ అడిగింది.

"టౌన్ నుంచి ఎవురో ఫోన్ చేసినారంట సార్."

మా ఆయన నా వైపు చూసి, తల దించుకున్నాడు. నేను ఫోన్ కట్ చేసి మళ్లీ చేశాను. మోగుతోంది. మంచం మీదే మోగుతోందని తెలుసు, అయినా చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను.

ఇంతలో పెద్ద బ్రిడ్జి దగ్గర నుంచి దగ్గు వినపడింది. ఆ దగ్గు మార్కెట్‌లో చూసిన బక్కపలచటి ఆయనదే. "కంట్రోల్, నీళ్లు బ్రిడ్జి కిందికొచ్చినాయి. చెట్లు కూకటేళ్లతో సహా కొట్టుకొస్తాండాయి. కట్టె వామి ఒకటి అట్లనే తేల్తా పోయింది." దగ్గి, మళ్లీ అన్నాడు: "కింద మనుషులుంటే తీసేయండి సార్."

బ్రిడ్జికీ అక్క ఊరికీ మధ్య రెండు మలుపులు, అంతే.

"ఆ పిల్లోడు నీళ్లొస్తాండాయని చెప్పేకొద్దీ వాళ్లు ఇంకా గట్టిగా నిలబడతారయ్యా" అన్నాను. "వాళ్లను పిలిచినట్లుండాది ఆ మాట. చెరువు తెగిందని చెప్పమను. తెగిన చెరువు నీళ్లకు ఎవురన్నా హారతిస్తారా? ఎవురి కొంపలు ముంచి వస్తాండాయో, ఎన్ని గొడ్లను తోసుకొస్తాండాయో. ఆ మాట చెవిన పడితే ఒక్కరు నిలబడరు. చెప్పమనయ్యా."

"యాడ చెప్పేది? దీనికి నోరు లేదు" అన్నాడు స్కానర్ చూపించి. సర్వీసంతా మీట నొక్కి జిల్లాతో మాట్లాడిన మనిషి, వినడం తప్ప ఏమీ చేయలేక ఆ పెట్టె ముందు నిలబడిపోయాడు. నేను ఆయన ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. దాని వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ క్షణంలో ఏం తూచుకున్నాడో నాకు తెలుసు. నంబరు నొక్కాడు.

కంట్రోల్ కుర్రవాడు ఎవరికో ఏదో చెబుతున్నాడు. ఆ మాటల మధ్యలో వాడి జేబులోని ఫోన్ మోగడం మాకు స్కానర్లో వినపడింది. మాట ఆగిపోయింది.

"నేనప్పా" అన్నాడు మా ఆయన. "చప్టా కాడుండే పిల్లోనికి చెప్పు. నీళ్లొస్తాండాయని అనద్దను. పై చెరువు కట్ట తెగిందని అరవమను. ఆ మాటే అనాల."

"అన్నా, నువ్వు యాడ ఇంటాండావు?" అన్నాడు వాడు.

"అది మళ్ల అడుగు. ముందు చెప్పు."

మరుక్షణం మా మాట మా స్కానర్లోంచే మాకు వినపడింది. "చప్టా, చప్టా. చెరువు కట్ట తెగిందని చెప్పు. వాన నీళ్లు కాదని చెప్పు. గట్టిగా చెప్పు." కానిస్టేబుల్ సరేనన్నాడు. కంగారులో మీట వదలడం మరిచాడు కాబోలు, వాడు అరిచేది మాకు అట్లాగే వచ్చింది. వాడి రొప్పు, ఇసుకలో పరుగు, వెనక పలక మోత. "అమ్మా, పై చెరువు కట్ట తెగిందమ్మా. గంగమ్మ కాదు, తెగిన చెరువు. ఊర్లు ముంచుకోని వస్తాందమ్మా." పలక ఆగిపోయింది. ఒక ఆడగొంతు "చెరువా?" అంది. అంతటితో తెగిపోయింది.

ఆ తర్వాత ఏమీ లేదు. కంట్రోల్ పిలుస్తోంది. చప్టా, కంట్రోల్. చప్టా, కంట్రోల్. పొయ్యి మీద చెనిక్కాయల్లో నీళ్లు ఇంకిపోయి మాడిన వాసన వస్తోంది. ఎవరమూ లేవలేదు. ఆ కాసేపూ మా ఆయన మీద నాకు అసహ్యం పుట్టింది, చెరువు మాట ఎత్తొద్దన్నందుకు. ఆ మాట విని నోరు మూసుకున్న నా మీద అంతకన్నా ఎక్కువ పుట్టింది. అక్క నాకు జడ వేసేటప్పుడు కదలొద్దని నెత్తిన మొట్టే మొట్టికాయ గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. మా ఆయన వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని భుజం మీద చేయి వేశాడు. నేను జరగలేదు, ఆయన చేయీ తీసేయలేదు.

"కంట్రోల్..." ముందు ఊపిరే వినపడింది. "పైకొచ్చినారు సార్. తట్టలు ఆడే పారేసి ఉరికినారు. చప్టా కనపడడం లేదు సార్ ఇప్పుడు. అంతా నీళ్లే."

"అందరూ వచ్చినారా? సరిగ్గా చూసుకో."

"వచ్చినారు సార్. ఒక పెద్దామె పడిపోయింది. హోంగార్డు కొంగు పట్టుకోని గట్టు మీదికి ఈడ్చినాడు. మోకాళ్లు చీరుకున్నాయి. మనిషి బాగుండాది. మమ్మల్నే తిడతాంది."

"అది మా అక్కే" అని నేను బోరుమన్నాను.

సాయంత్రం ఆ కంట్రోల్ కుర్రవాడు డ్యూటీ దిగి, మామూలు బట్టల్లో, మోటార్ సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. తాగినంత సేపూ ఏమీ అడగలేదు. మా ఆయనే లేచి స్కానర్‌ను ఒక చేతిసంచిలో పెట్టి అతని పక్కన ఉంచాడు. "ఎవురన్నా అడిగితే ఆ ఊర్నించే ఫోన్ వచ్చిందంటాలేన్నా. ఇది మాత్రం ఇంట్లో వద్దు" అన్నాడు అతను, నేల చూపులు చూస్తూ. గురువుకు బుద్ధి చెప్పాల్సి వచ్చినందుకు వాడికే ఎక్కువ సిగ్గుగా ఉంది. వాడు వెళ్లాక మా ఆయన చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. నేను పిలవలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు అక్క ఊరికి పోయాను. గట్టు మీద కంప చెట్లన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, వాటికి గడ్డీ గుడ్డలూ వేలాడుతున్నాయి. ఏరు అప్పుడే సన్నబడింది. ఎర్ర నీళ్లు చీలమండల లోతున, రెండు మూడు పాయలుగా పోతున్నాయి. అక్క గట్టు మీద ఒక రాయిపై కూర్చుని ఉంది. మోకాళ్లకు పసుపు పట్టించుకుంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. స్కానర్ సంగతి, చెరువు మాట దాచిన సంగతి, అన్నీ. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"నువ్వు చెరువని చెప్పింటే నేను ఇంట్లోనే ఉందును. నిజమే" అంది. "అయినా ఏరొస్తాందని చెప్పినావు సూడు, ఆ మాట ఇన్నప్పుడు నా ఒళ్లెట్లయిందో నీకు తెలీదే. మనమ్మ లేసొచ్చినంత అయింది."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఏడుపు ఆపుకుందామన్నా ఆగలేదు. నా వల్ల చచ్చిపోయేదానివక్కా అన్నాను. ఆమె ఆ మాట వినిపించుకోలేదు. నీళ్ల వైపే చూస్తూ ఉంది.

"ఇన్నేండ్లు రా తల్లీ, రా తల్లీ అని పిలిస్తిమి. తీరా వస్తే తట్టలు పారేసి, వీపు చూపిచ్చి ఉరికినాము" అంది. నా వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"అది మన మీద అలగదు కదే?"